మందు కడుపులో పడితే చాలదు
(సొసైటీ తరఫున రామారెడ్డిలో జరిగిన ఆరోగ్య అవగాహన సభలో చేసిన ప్రసంగ పాఠం)



గోలీ కొంటాం, నీళ్లతో మింగుతాం, పని అయిపోయిందనుకుంటాం. నిజానికి మందు ప్రయాణం అప్పుడే మొదలవుతుంది. గోలీ కరగాలి, పేగు గోడ దాటాలి, కాలేయం గుండా వెళ్లి రక్తంలో కలవాలి, జబ్బున్న చోటికి చేరాలి. చాలా మందులు అక్కడ కణం లోపలికి కూడా పోవాలి.

ప్రతి కణం చుట్టూ కొవ్వుతో చేసిన రెండు వరుసల పొర ఉంటుంది. దాని మందం మిల్లీమీటరులో సుమారు రెండు లక్షల వంతు. అంత పలచనిదైనా కాపలా మాత్రం గట్టిది. కొవ్వులో కరిగే చిన్న మందులు దాని గుండా జారిపోతాయి. నీటిలోనే కరిగేవి చాలావరకు బయటే ఆగిపోతాయి. అవి లోపలికి పోవాలంటే పొరలో ఉన్న ప్రొటీన్ తలుపులు తెరుచుకోవాలి.

ఈ తలుపుల సంగతి చెప్పడానికి మన తెలుగువారి కృషే మంచి ఉదాహరణ. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనను నడిపించారు. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్‌ను తయారుచేసింది. చూడటానికి దానిలాగే ఉండి, దాని పనిని అడ్డుకునే మందులనూ తయారుచేసింది. వాటిలో అమినోప్టెరిన్ అనే మందుతో రక్త క్యాన్సర్ పిల్లలకు కొంతకాలం ఉపశమనం కలిగిందని బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు. సుబ్బారావు గారు ఆ ఏడాదే కన్నుమూశారు.

దానికి తోబుట్టువులాంటి మెథోట్రెక్సేట్‌ను నేటికీ వాడుతున్నారు. అది తనంతట తాను పొరను సులువుగా దాటలేదు. విటమిన్ కోసం ఉన్న తలుపులోంచే లోపలికి పోతుంది. క్యాన్సర్ కణం ఆ తలుపులను తగ్గించుకుంటే మందు పట్టు తప్పుతుంది. రక్తం నుంచి మెదడులోకి కూడా అది సరిగా చేరదు. అందుకే రక్త క్యాన్సర్‌లో కొందరికి వెన్నులో సూది ద్వారా ఇస్తారు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇదే మందును కీళ్లవాతానికి తక్కువ మోతాదులో, వారానికి ఒక్కసారి మాత్రమే ఇస్తారు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఏ వారం వేసుకోవాలో చీటీ మీద పెద్ద అక్షరాలతో రాయించుకోండి. పెద్దవాళ్లకు గోలీలు అందించే కోడళ్లకు, మనవళ్లకు ఆ సంగతి తెలిసి ఉండాలి.

ఇన్సులిన్ కథ వేరు. అది ప్రొటీన్. మామూలు గోలీలా మింగితే పప్పు అరిగినట్టు అరిగిపోతుంది. అందుకే సూది. అది కణం బయటే నిలబడి తలుపు తడుతుంది. అప్పుడు కండరాల కణాలు, కొవ్వు కణాలు చక్కెర కోసం తలుపులు తెరుస్తాయి.

2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు లైపోసోమల్ యాంఫోటెరిసిన్ సూదుల కోసం జనం ఎంత తిరిగారో మీకు గుర్తుండే ఉంటుంది. అందులో మందును సన్నని కొవ్వు బుడగల్లో పెడతారు. దానివల్ల మూత్రపిండాలకు దెబ్బ తగ్గుతుంది. మందు పాతదే, మోసుకుపోయే బండి మారింది.

ఇంట్లో మనం చేయాల్సింది చిన్నదే. గోలీ పేరు పక్కన ఎస్.ఆర్., ఇ.ఆర్., ఎక్స్.ఎల్. అని ఉంటే నూరకండి, నమలకండి. నూరితే రోజంతా మెల్లగా రావలసిన మందు ఒక్కసారే ఒంట్లోకి వస్తుంది. కొన్ని గోలీల పైపూత కడుపులోని ఆమ్లం నుంచి మందును కాపాడుతుంది. మింగలేకపోతే డాక్టరును అడిగితే వేరే రూపంలో రాస్తారు. రంజాన్ ఉపవాసాలు ఉండే షుగర్, బీపీ రోగులు నెల ముందే దవాఖానకు పోయి ఇఫ్తార్, సహరీ వేళలకు మందులు సర్దించుకోవాలి. సొంతంగా మానొద్దు, రెండు పూటల మందు కలిపి మింగొద్దు. సూది వేస్తేనే జబ్బు తగ్గుతుందనే పట్టుదల కూడా వద్దు. ఏ దారిలో పోవాలో మందును బట్టి, జబ్బును బట్టి ఉంటుంది.

పేదవాడికి మందు కొనివ్వడం పుణ్యమే. దాన్ని ఎలా వాడాలో కూర్చోబెట్టి చెప్పడం కూడా అంతే పుణ్యం. మన కార్యకర్తలు మందుల సంచీతో పాటు ఆ రెండు మాటలూ అందించాలని కోరుతూ, అందరికీ ఆరోగ్యం కలగాలని దుఆ చేస్తూ సెలవు తీసుకుంటున్నాను.