మితాహారము – గ్రామారోగ్యము

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



రహదారులు, మంచినీరు, వీధిదీపములు, పన్నుల వసూలు మున్నగు విషయములను గూర్చి వినుటకు మీరిచ్చటికి విచ్చేసియున్నారు. మీ యెదుట దేహభారమును గూర్చియు, భోజనమును గూర్చియు ప్రసంగింప బూనుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని సంపాదించు వయసున నున్న ఇంటి యజమాని మధుమేహము వలననో, గుండెపోటు వలననో మంచము పట్టినచో ఆ ఇంటి పొలము కౌలునకు పోవును, పిల్లల చదువు ఆగును, అప్పు పెరుగును. ఇల్లు చెడినచో ఊరును కొంత చెడును. కావున ఇది ఒక్కరి దేహమునకు మాత్రమే సంబంధించిన విషయము కాదని మా మనవి.

1959 నవంబరు 1వ తేదీన ఆంధ్ర ప్రదేశ్‌లో పంచాయతీరాజ్ వ్యవస్థ ప్రారంభమైననాడు మన పెద్దలకు ముఖ్యమైన చింత తిండి కొరత. నేడు ఆ చింతకు తోడుగా మరియొకటి వచ్చి చేరినది. 2019–21 సంవత్సరములలో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ననుసరించి, 15 మొదలు 49 సంవత్సరముల వయసుగల స్త్రీలలో అధిక బరువు గలవారు ఆంధ్ర ప్రదేశ్‌లో నూటికి 36 మంది, తెలంగాణలో నూటికి 30 మంది. పురుషుల స్థితియు ఇంచుమించుగా నిట్లే యున్నది. ఆ సర్వేయందే ఆంధ్ర ప్రదేశ్ స్త్రీలలో నూటికి సుమారు 15 మంది ఉండవలసిన దానికంటె తక్కువ బరువుతో నున్నట్లు తేలినది. ఒకే వీధిలో ఒక ఇంట చిక్కినవారు, ప్రక్క ఇంట బరువెక్కినవారు ఉన్నారని దీని భావము.

బరువెందుకు పెరిగినది?

మన తాతలు మనకంటె తక్కువ అన్నమేమియు తినలేదు. కాని వారు నాగలి వెంట నడచిరి, మోటలు తోలిరి. మన అమ్మమ్మలు దంచిరి, విసరిరి, నూరిరి, బావినుండి నీరు మోసిరి. నేడు ట్రాక్టరు దున్నుచున్నది; యంత్రము వరి కోయుచున్నది; మిక్సీ పచ్చడి నూరుచున్నది; పొలము గట్టు వరకు మోటారు సైకిలు పోవుచున్నది. శ్రమ తగ్గుట మంచిదే. ఆ శ్రమకు తగినట్లు ఏర్పడిన అన్నపు రాశి మాత్రము తగ్గలేదు. దానికి తోడు నూనె, పంచదార పెరిగినవి. బొజ్జ భాగ్యమునకు గుర్తు అను పాత భావము కొంత మిగిలియే యున్నది.

పంచాయతీ సభ్యులకు మరియొక చిక్కు కలదు. ఏ ఇంటికి పోయినను టీ ఇత్తురు. వలదన్నచో మర్యాద కాదని త్రాగుదుము. లెక్క వేసి చూడుడు. దినమునకు 5 టీలు, ఒక్కొక్క దానిలో 2 చెంచాల పంచదార. చెంచాకు 5 గ్రాముల చొప్పున 50 గ్రాములు. సంవత్సరమునకు 18 కిలోలు! ఒక్క మనిషి, ఒక్క టీతోనే, ఇంత పంచదార తినుచున్నాడు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024వ సంవత్సరమున ప్రకటించిన ఆహార నియమములలో దినమునకు అన్ని విధములను కలిపి 25 గ్రాములకు మించరాదని చెప్పియున్నారు.

ఈ సంస్థ 1918లో కూనూరున బెరిబెరి వ్యాధి పరిశోధనతో ఆరంభమై, 1958లో హైదరాబాదునకు వచ్చినది. బెరిబెరికి ఆ కాలమున పేరుపడిన ప్రాంతములలో మన సర్కారు జిల్లాలు కూడ కలవు. మరపట్టిన పచ్చిబియ్యపు అన్నమే ప్రధానాహారముగా గలవారికి తవుడుతో పోవు విటమిను లోపించి ఆ వ్యాధి కలిగెడిది. నేడు బెరిబెరి అరుదు. కాని పళ్ళెము నిండ తెల్లని అన్నము, అంచున ఇంత కూర అను అలవాటు మారలేదు. ఆనాడు ఒక వ్యాధికి దారితీసిన పళ్ళెమే నేడు మరియొక వ్యాధికి తోడ్పడుచున్నది.

మొదట కొలత

కంటికి కనిపించు లావును బట్టి గాక, కొలతను బట్టి నిర్ణయింపవలెను. 165 సెంటీమీటర్ల ఎత్తు గలవారికి బరువు 63 కిలోలు దాటినచో అధికమనియు, 68 కిలోలు దాటినచో స్థూలకాయమనియు మన దేశమున లెక్క. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించరాదు. మనవారిలో క్రొవ్వు పొట్టలోపల చేరుట ఎక్కువ కావున, కాలుసేతులు సన్నగా నున్నను నడుము పెరిగినచో హెచ్చరికగా భావింపవలెను.

బరువు తగ్గవలసినవారు ఎంత తగ్గవలెను? సన్నగా, పడుచువారివలె కావలసిన పని లేదు. 80 కిలోల మనిషి 5, 6 కిలోలు తగ్గినను మేలు కలుగును. అమెరికాలో జరిగి 2002లో ప్రకటింపబడిన ఒక పెద్ద పరిశోధనలో, మధుమేహము రానున్న స్థితిలోని వారు తమ బరువులో నూటికి 7 వంతులు తగ్గుటయు, వారమునకు 150 నిమిషములు నడచుటయు లక్ష్యముగా పెట్టుకొనగా, ఆ వ్యాధి వచ్చుట 58 శాతము తగ్గినది. మన దేశమున మధుమేహము గలవారు 10 కోట్లకు పైగా నున్నారనియు, ఆ అంచున నున్నవారు 13 కోట్లకు మించియున్నారనియు 2023లో ప్రకటింపబడిన భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనము తెలుపుచున్నది. ఆ అంచున నున్నవారిని వెనుకకు త్రిప్పగల అవకాశమున్నది. మన ఆశ అంతయు నచ్చటనే యున్నది.

లంఖణము మార్గము కాదు

“లంఖణం పరమౌషధం” అని రెండు దినములు పస్తుండి, మూడవ దినమున రెండింతలు తినువారు కలరు. ఇది బరువు తగ్గు మార్గము కాదు. పస్తుచే కండ కరగును, నీరసము కలుగును, కోరిక హెచ్చును. వారమునకు అరకిలో తగ్గుట క్షేమకరమని పోషకాహార సంస్థవారి సలహా. ఇందుకు దినమునకు సుమారు 500 కేలరీల లోటు చాలును. అది ఎట్లు సమకూరునో చూతము.

అయిదు టీలను రెండు చేసి, చెంచాడు పంచదారతోనే త్రాగినచో 160 కేలరీలు తగ్గును. దినమునకు 50 గ్రాముల బియ్యము తక్కువ వండుకొన్నచో 175 తగ్గును. వంటలో ఒక్క పెద్ద చెంచా నూనె తగ్గించినచో 120. అరగంట చురుకుగా నడచినచో ఇంకను నూరు ఖర్చగును. ఇందులో పస్తు లేదు, ఖర్చు లేదు, పైపెచ్చు ఆదాయమే. మొదటి నెలలో తగ్గినంత వేగముగా తరువాత తగ్గకపోవచ్చును. అది సహజము, నిరాశపడి విడువరాదు.

తగ్గించిన అన్నపు స్థానమును ఖాళీగా నుంచరాదు. పళ్ళెములో సగము కూరలు, ఆకుకూరలు ఉండవలెను. తోటకూర, గోంగూర, బీరకాయ, సొరకాయ, దొండకాయ, బెండకాయ – ఇవి యన్నియు మన పెరటిలో కాయునవే. తక్కిన సగములో అన్నమొక భాగము, పప్పు గాని, గ్రుడ్డు గాని, చేప గాని ఒక భాగము. ముందుగా కూరను, పప్పును కొంత తిని, పిమ్మట అన్నము కలుపుకొన్నచో తక్కువ అన్నముతోనే తృప్తి కలుగును. మాంసకృత్తులు, పీచు గల భోజనము ఆకలిని చాలసేపు ఆపును. ఉత్త అన్నము, పచ్చడి అట్లు ఆపజాలవు.

కొర్రలు, సామలు, జొన్నలు, రాగులు మంచివే. వానిలో పీచు కలదు. కాని వానియందును కేలరీలు బియ్యమునకు దరిదాపుగనే యుండును. కావున కొర్రన్నమైనను కొలిచియే తినవలెను.

ఆకలి వేరు, కోరిక వేరు

ఇంతవరకు చెప్పినది చాలమందికి తెలియును. తెలిసియు ఆచరింపలేకపోవుటకు కారణము కోరిక. సాయంకాలము బజారులో మిరపకాయ బజ్జీల వాసన వచ్చును; ఇంట మిక్చరు డబ్బా కనిపించును; భోజనమైన పిదప నోరు తీపి నడుగును. అప్పుడేమి చేయవలెను?

“ఆకలి రుచి యెరుగదు” అని మన పెద్దలొక సామెత చెప్పిరి. ఇంతకంటె మంచి పరీక్ష లేదు. మీకు మీరే ప్రశ్నించుకొనుడు: ఇప్పుడు మజ్జిగ అన్నము పెట్టినను తిందునా? తిందునన్నచో అది ఆకలి, తినవలసినదే. మజ్జిగ అన్నము వద్దు, బజ్జీయే కావలెనన్నచో అది కోరిక. కోరిక అలవంటిది, లేచును, కొంతసేపు నిలుచును, తగ్గును. పది, పదునైదు నిమిషములు వేరు పనిలో పడినచో, ఒక గ్లాసు పలుచని మజ్జిగ త్రాగినచో, చాలసారులు అది తనంత తానే పోవును.

కోరికలను తగ్గించుటకు మరికొన్ని ఉపాయములు కలవు. వేళకు భోజనము చేయవలెను. ఉదయము మానినవాడే సాయంకాలము బజ్జీలకు లోబడును. రాత్రి చాలినంత నిద్రపోవలెను. నిద్ర తక్కువైనచో మరునాడు ఆకలియు, కోరికయు హెచ్చును. చిరుతిండ్ల డబ్బా కంటికెదురుగా నుంచరాదు. శనగ గుగ్గిళ్ళు, మొలకెత్తిన పెసలు, జామకాయ, దోసకాయ ముక్కలు అందుబాటులో నుంచవలెను. మద్యము, దానితోడి నంజుడు రెండును బరువును పెంచునవే.

అంతమాత్రమున రుచులనే త్యజింపుమని మేము చెప్పుట లేదు. “తింటే గారెలే తినాలి” అను జాతి మనది. పండుగనాడు గారెలు తినుడు. సంక్రాంతికి అరిసె తినుడు. కాని పండుగ ఒకనాడు. అరిసెల డబ్బా నెల దినములు. హాని చేయునది పండుగ కాదు, ఆ డబ్బా. పూర్తిగా నిషేధించిన వస్తువు మీదికే మనసు పోవును. కావున కూర్చుండి, నెమ్మదిగా, ఒక్కటి తిని తృప్తిపడుట నేర్వవలెను. ఒకనాడు తప్పినచో మరునాటి భోజనము నుండి మరల యథాక్రమమున నడచుకొనవలెనే గాని, వ్రతభంగమైనదని విడువరాదు.

గృహిణులను గూర్చి ప్రత్యేకముగా ఒక మాట. అందరును తినిన పిదప, మిగిలినది పారవేయ మనసొప్పక తామే తినివేయుట మన తల్లులకు అలవాటు. కొలిచి వండుటయు, ఇంటివారందరు కలిసి భుజించుటయు దీనికి విరుగుడు. ఇది పురుషులు కూడ పూనుకొనవలసిన సంస్కారము.

ఎవరు జాగ్రత్తపడవలెను?

గర్భిణులు, పాలిచ్చు తల్లులు, ఎదుగు పిల్లలు తమంత తాము బరువు తగ్గించుకొను ప్రయత్నము చేయరాదు. మధుమేహమునకు ఇన్సులిను గాని, బిళ్ళలు గాని వాడుచున్నవారు వైద్యుని అడుగకుండ తిండి తగ్గించినచో రక్తములో చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును. ప్రయత్నింపకయే బరువు తగ్గుచున్నచో సంతోషింపరాదు. అది క్షయకు గాని, మధుమేహమునకు గాని సూచన కావచ్చును. వెంటనే ఆరోగ్య కేంద్రమునకు పోవలెను. నెలలో పది కిలోలు తగ్గింతుమను పొడులను, మందులను నమ్మరాదు.

పంచాయతీ ఏమి చేయగలదు?

అలవాట్లు ఇంటిలో మాత్రమే పుట్టవు, వీధిలోను పుట్టును. రాజ్యాంగము పదునొకండవ షెడ్యూలులో ఆరోగ్యమును పంచాయతీల విషయములలో చేర్చినది. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీ మీ యందే కలదు. దాని సమావేశమున ఈ ప్రశ్నలు వేయుడు: 30 సంవత్సరములు దాటిన వారందరికి ఉప ఆరోగ్య కేంద్రమున రక్తపోటు, చక్కెర పరీక్షలు జరిగినవా? అచ్చట బరువు తూచు యంత్రము, కొలత టేపు కలవా? సాయంకాలము స్త్రీలు నిర్భయముగా నడచుటకు దీపములు వెలుగు బాట ఒక్కటి యున్నదా? బడి ఆవరణలో, అంగన్‌వాడీ చెంత కూరగాయల పాదులున్నవా?

గ్రామసభలో బిస్కెట్లకు మారుగా గుగ్గిళ్ళు, తీపి టీకి మారుగా మజ్జిగ పంచుడు. ఖర్చు తగ్గును, ఊరివారు చూతురు. అంతకంటె ముఖ్యముగా, ఒక మాట మన మర్యాదలలో చేర్పుడు. అతిథి “చాలు” అన్నప్పుడు కొసరి వడ్డింపకుండుటయు మర్యాదయే. “పంచదార తక్కువ” అని అడుగుట అవమానము కాదు. ఊరి పెద్దలు ఈ మాట ముందుగా అన్నచో తక్కినవారికి అనుట సులభమగును.

మీరు తిరిగి గ్రామములకు చేరిన పిదప మొదట మీ బరువు, నడుము కొలిపించి ఒక పుస్తకమున వ్రాసికొనుడు. రేపటినుండి ఒక్క టీ తగ్గింపుడు. అన్నము కొలిచి వండింపుడు. కూర రెండింతలు చేయింపుడు. మూడు నెలల పిమ్మట మరల కొలిచి చూడుడు. సభ్యుడు తాను ఆచరించి చెప్పిన మాట గ్రామమున నిలుచును.

ఆరోగ్యమే మహాభాగ్యమని మనమందరము చెప్పుకొందుము. ఆ భాగ్యమును ప్రతి ఇంటి పళ్ళెమునకు చేర్చు బాధ్యతలో మీరును పాలుపంచుకొందురని ఆశించుచున్నాము.