ఈగ చావదు సరే, పట్టు నిలుస్తుందా?



ఈమధ్య మనోళ్ల ఫోన్లలో ఒక మాట బాగా తిరుగుతోంది. తేనె కాదు, తేనెటీగ విషం అమ్మితే లక్షలొస్తాయట. పెట్టె దగ్గర మిషన్ పెడితే చాలట, ఈగ కూడా చావదట. ఇందులో నిజమెంతో చూద్దాం.

పెట్టె ముందు తీగలు బిగించిన గాజుపలక పెడతారు. తీగల్లో సన్నటి కరెంటు పారుతుంది. షాక్ తగిలిన ఈగ గాజుని కుడుతుంది. మన ఒంట్లో ఇరుక్కున్నట్టు ముల్లు అక్కడ ఇరుక్కోదు, అందుకే ఈగ బతుకుతుంది. ఎండిన విషాన్ని గీకి తీస్తారు. ఇంతవరకూ నిజమే.

చెప్పనిది ఇంకోటుంది. కుట్టిన ఈగ అరటిపండు లాంటి వాసన వదులుతుంది. ప్రమాదం వచ్చిందని మిగతావాటికి అది కబురు. పట్టు మొత్తం రేగిపోతుంది. పూల మీదకి పోవాల్సిన ఈగలు కుట్టే పనిలో పడతాయి. పుప్పొడి తగ్గితే పిల్ల ఈగలకి తిండి తగ్గుతుంది. కొన్ని పరిశోధనల్లో తేనె, పిల్లలు తగ్గాయి. మధ్యలో గ్యాప్ ఇచ్చి తీస్తే పెద్ద నష్టం కనిపించనివీ ఉన్నాయి. అంటే ఎప్పుడు, ఎన్నిసార్లు తీస్తామన్నదే అసలు సంగతి.

ఆ పరిశోధనలు ఎక్కువగా ఇటాలియన్ ఈగల మీద జరిగాయి. మనది పుట్టతేనె ఈగ. బాధపెడితే గూడు వదిలి లేచిపోయే రకం. 1991-92లో థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్ దక్షిణాదిలో వీటిని ఎంత దెబ్బ తీసిందో మర్చిపోవద్దు.

లెక్క కూడా వేద్దాం. ఒక్కో ఈగ దగ్గర ఉండేది సుమారు 0.1 మిల్లీగ్రాము ఎండు విషం. ఒక్క గ్రాముకి 10,000 ఈగలు కుట్టాలి. మన ఒక పెట్టెలో ఉండేవే అటూఇటూగా అన్ని!

2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం అడవి తేనె మీద హక్కు మనది. 1996 పెసా చట్టం గ్రామసభకి బలమిచ్చింది. కాబట్టి మిషన్‌తో ఎవరొచ్చినా గ్రామసభలో కూర్చోబెట్టి అడుగుదాం. ఈగలు లేచిపోతే నష్టం ఎవరు కడతారు? విషం ఏ ధరకి కొంటారో రాసిస్తారా? ఆ పొడి పీల్చి ఎవరికైనా ఊపిరాడకపోతే మళ్లీ డోలీ మోతేనా?

పూలు లేని వానరోజుల్లో విషం తీయొద్దు. కొండతేనె పట్ల జోలికి అసలే పోవద్దు. వలిసెలకి గింజ పట్టాలన్నా ఈ ఈగే కావాలి.

జవాబులు కాగితం మీద వచ్చేదాకా ఎవరూ సంతకం పెట్టొద్దు. జోహార్!