గాదెలోని గింజ
(రాచర్లలో పఠనమందిర సభ్యుల యెదుట చేసిన ప్రసంగ పాఠము)



రాచర్లలో నిలిచి యుద్ధక్రీడలను నిర్మించి ప్రకటించుటను గూర్చి ప్రసంగమా యని తమలో కొందరు నవ్వుకొనవచ్చును. కాని తెలుగునాట రచ్చబండలమీదను, గుడి మండపముల రాళ్లమీదను గీసిన పులిజూదపు గీతలను చూచినవారు నవ్వరు. 3 పులులు, 15 మేకలు. దూకి చంపుట పులికి బలము; గుమిగూడి దారి కట్టుట మేకకు బలము. ఇరుపక్షములు సమానములు కాకున్నను ఆట న్యాయముగనే నడచును. క్రీడానిర్మాణమున మొదటి పాఠము మన బండలమీదనే యున్నది.

చతురంగము మన దేశమున బుట్టి, పారసీకుల చేతుల మీదుగా లోకమెల్ల వ్యాపించినది. అందు బంటునకు పేరు లేదు, ఆకలి లేదు. 1824లో ప్రష్యా సేనాధికారి రైస్విట్జ్ పటముమీద ఆడు యుద్ధక్రీడకు నియమములు అచ్చొత్తించెను. అదృష్టమునకు పాచికలు, తీర్పునకు మధ్యవర్తి. అది సేనానుల శిక్షణకు మిక్కిలి యక్కరకు వచ్చినది. కాని అందును సైనికుడు లెక్కలోని అంకెయే. 1969లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున డేవిడ్ వెస్లీ యను యువకుడు ఒక్కొక్క ఆటగానికి ఒక్కొక్క మనుష్యుని పాత్ర నిచ్చెను. ఒకడు పురాధ్యక్షుడు, ఒకడు విద్యార్థి నాయకుడు. అంతట అంకెకు నోరు వచ్చినది. 1974లో 'డన్జన్స్ అండ్ డ్రాగన్స్' ఈ మార్గముననే 1,000 ప్రతులతో వెలువడి క్రొత్త క్రీడాజాతికి మూలమైనది. 1984 నాటి 'ట్వైలైట్ 2000' అను క్రీడలో, సైన్యము చెదరి పోలండులో చిక్కుకొనిన సైనికులు తమ తిండి తామే వెదకికొని, బండికి ఇంధనమును తామే కాచుకొనవలెను.

యుద్ధమును ఆటగా చేయుట తగునా యని పెద్దలు అడుగుదురు. అడుగవలసినదే. నేడు మన పిల్లలు చేతిలోని తెరపై పరాయి పురముల యుద్ధములను రేయింబవళ్లు ఆడుచున్నారు. అచ్చట చచ్చినవాడు మరుక్షణమున లేచును. వానికి ఇల్లు లేదు, కన్నతల్లి లేదు. ఆటను మాన్పించుట మన తరము కాదు. అబద్ధపు యుద్ధమునకు బదులు నిజమైన యుద్ధమును చూపు ఆటను వారి ముందుంచుట మన తరమగును.

అందులకు వస్తువు దూరమున లేదు. మనకు ఆగ్నేయముగా ఉదయగిరి దుర్గమున్నది. 1513, 1514 సంవత్సరములలో శ్రీకృష్ణదేవరాయలు దానిని ముట్టడించి గజపతి సేనలనుండి గైకొనెను. ఆకలిచేత తప్ప ఆ దుర్గము లొంగునది కాదనియు, ఏడాదిన్నర ముట్టడిలో రాయలు కొండరాళ్లను పగులగొట్టించి దారులు వేయించెననియు పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ వ్రాసియున్నాడు. కావున ఈ క్రీడలో రాయలుగా ఎవ్వరును ఆడనక్కరలేదు. దుర్గపాలకుడు, గాదె లెక్క వ్రాయు కరణము, రాళ్లు పగులగొట్టు కూలి, ఎద్దులమీద ధాన్యము తోలు వర్తకుడు చాలుదురు. మార్కాపురము పలకపై బలపముతో గాదె లెక్క వ్రాయుడు; దినదినము కొంత తుడిచివేయుడు. పలక వట్టిపోవునాడు కోట తలుపు తీయవలెనా, కావలివానికి పెట్టు కూటిని పసిబిడ్డకు పెట్టవలెనా యని ఆటగాండ్రు తమలో తాము తగవులాడుదురు. ఆ తగవే ఈ క్రీడకు ప్రాణము. వాన లేని యేడు గాదె యడుగు ఎట్లుండునో ఈ సీమవారికి వేరొకరు నేర్పనక్కరలేదు. కనుకనే ఈ క్రీడను నిర్మించు అర్హత మనకు కలదనుచున్నాము.

ప్రకటనను గూర్చి రెండు మాటలు. నియమములు తెలుగున నుండవలెను. పావు, పాచిక, పందెము అను మాటలుండగా అరువు మాటలేల? అచ్చునకు ముందు వ్రాతప్రతిని ముక్కుమొగ మెరుగనివారి చేత బెట్టి, కర్త నోరు మెదపక దూరమున కూర్చుండవలెను. వారు తడబడిన చోటెల్ల తప్పు నియమముదే గాని వారిది కాదు. పిమ్మట నూరు ప్రతులు చాలును. కొనువారు కొలదిమందియే యగుదురు, అందుకు చిన్నబోవలదు. నూరు ఇండ్లలో నలుగురేసి కూర్చున్నను నన్నూరుమంది గింజ విలువ నెరిగి లేతురు.

జయింపబడిన కోటల పేర్లు మన పిల్లలకు కంఠస్థములే. ఆ కోటలలో కడపటి మానెడు గింజలను ఎవరు ఎవరికి కొలిచిరో వారడుగునట్లు చేయు క్రీడ యొకటి మన చేతులనుండి వెలువడవలెనని మా కోరిక.