పేడపురుగు – జీతం లేని పాలేరు

(సంఘ కార్యదర్శుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



వెన్న శాతం గురించో, దాణా గురించో చెబుతానని మీరనుకొని ఉంటారు. ఈ రోజు పేడపురుగును గురించి నాలుగు మాటలు చెప్పదలిచాను. కొన్నిచోట్ల దీనిని పెండపురుగు అంటారు. తొలకరి పడగానే బీళ్లలో పేడను ఉండచేసి, వెనుక కాళ్లతో నెట్టుకుంటూ పోయే నల్లని పురుగు మీకందరికీ తెలిసినదే.

అన్నీ ఉండలు దొర్లించవు. చాలా జాతులు పేడకడి కిందనే బొరియ తవ్వి, పేడను లోపలికి దించి, అందులో గుడ్లు పెడతాయి. మరికొన్ని పేడలోనే కాపురముంటాయి. పిల్లపురుగుకు ఆహారం ఆ పేడే. పైరు జోలికి రాదు. కొబ్బరి మొవ్వను తొలిచే కొమ్ముపురుగు వేరు. పెంటదిబ్బ తిరగవేసినప్పుడు కనిపించే, బొటనవేలంత లావుండే దాని తెల్లని పిల్లలను ఏరి చంపవలసినదే. ఆ కోపం బీటిలోని పేడపురుగుపై చూపవద్దు.

దీనివల్ల మనకు లాభమేమిటి? పేడ భూమిలోకి దిగితే అందులోని నత్రజని గాలిలో కలిసిపోక చాలావరకు నేలకు దక్కుతుంది. బొరియల వెంట వాననీరు ఇంకుతుంది. పశువుల రక్తం పీల్చే ఈగలలో కొన్ని పచ్చిపేడలోనే గుడ్లు పెడతాయి. పేడ చెదిరి ఎండితే వాటి సంతతి తగ్గుతుంది. పేడతో బయటపడిన నులిపురుగుల గుడ్లు పిల్లలై గడ్డికెక్కడం కూడా తగ్గుతుంది.

ఈ పురుగు లేకపోతే ఏమవుతుందో ఆస్ట్రేలియా చూసింది. 1788లో తొలి వలస ఓడలలో అక్కడికి పశువులు చేరాయి. అక్కడి పేడపురుగులు కంగారూల గట్టి పెంటికలకు అలవాటు పడినవి. ఆవు పేడను పెద్దగా ముట్టలేదు. పేడకడులు నెలల తరబడి ఎండి పడి ఉండేవి. చుట్టూ మొలిచిన గడ్డిని పశువు తినేది కాదు. ఈగలు ముసిరేవి. హంగరీ నుండి వెళ్లిన జార్జి బోర్నెమిస్సా అనే శాస్త్రజ్ఞుడు 1951లో ఈ లోపాన్ని గుర్తించాడు. 1965 నుండి 1985 వరకు ఆ దేశ ప్రభుత్వ పరిశోధన సంస్థ ఆఫ్రికా మొదలైన చోట్ల నుండి పేడపురుగులను తెప్పించి, పెంచి, 40కి పైగా జాతులను వదిలింది. వాటిలో 23 నిలదొక్కుకున్నాయి. వారు ఇంత శ్రమపడి తెచ్చుకున్నది మన బీళ్లలో పిలవకుండానే ఉంది.

ఉన్నదానిని పోగొట్టుకోకుండా చూడటమే మన పని. 1981 నుండి వాడుకలోకి వచ్చిన ఐవర్‌మెక్టిన్ మంచి మందు. నులిపురుగులకు, గోమార్లకు పనిచేస్తుంది. అయితే అది చాలావరకు పేడతోనే బయటికి వస్తుంది. కొన్ని వారాలపాటు ఆ పేడలో పేడపురుగు పిల్లలు బతకడం కష్టం. పైగా అది పాలలోకి కూడా వస్తుంది. పశువులపై పోసే కొన్ని గోమారి మందులు కూడా పేడలో చేరి ఈ పురుగులను చంపుతాయి.

కావున సభ్యులకు ఈ మూడు సంగతులు చెప్పండి. ఒకటి: పేడ పరీక్ష చేయించి, అవసరమైన పశువుకే, పశువైద్యుని సలహాతో నులిపురుగుల మందు వేయండి, పాలిచ్చే పశువుకు అంగడిలో కొని సూది వేయవద్దు. రెండు: ఇటువంటి మందు వేసిన పశువును వీలైనన్ని రోజులు కొట్టంలోనే మేపి, ఆ పేడను బీటిలో పడనీయక దిబ్బకు చేర్చండి. మూడు: ఈగల కోసమని బీటిలోని పేడపై పురుగుమందు చల్లవద్దు.

కొట్టంలో పడిన పేడ మన ఎరువుగుంతకు. బీటిలో పడిన పేడలో కొంతైనా పురుగుకు వదలండి. అది మళ్లీ గడ్డిగా మన పశువు నోటికే చేరుతుంది.