మన వేలిముద్ర మన సొత్తు
(కార్యకర్తల శిక్షణ తరగతులలో సమాఖ్య పక్షాన చేసిన ప్రసంగ పాఠము)



వేతనాలను గురించి, బోనసును గురించి, కార్మిక చట్టాలను గురించి ఈ తరగతులలో పెద్దలు విపులంగా మాట్లాడారు. మేము ప్రస్తావించబోయే విషయం మొదట వినడానికి మన ఉద్యమానికి దూరమైనదిగా తోచవచ్చును. ఒకరి పేరును, గుర్తింపు పత్రాలను, వేలిముద్రను మరొకరు దొంగిలించి వాడుకొనడాన్ని గుర్తింపు చౌర్యం అంటున్నారు. ఇది చదువుకున్నవారి బాధ, డబ్బున్నవారి బాధ, మనకేమి పోతుంది అని మనలో చాలామంది అనుకుంటున్నారు. ఈ అభిప్రాయం పొరపాటని చెప్పడానికే మేము ఇక్కడ నిలుచున్నాము.

నిజానికి ఈ దొంగతనం మనకు కొత్త కాదు. దొంగ మస్తర్లను మనం ఎరుగుదుము. పనికి రాని మనిషి పేర హాజరు వేసి, ఎవరి వేలిముద్రనో వేయించి, ఆ కూలిని కాంట్రాక్టరు కాజేయడం మనం చూచినదే. ఆ రోజులలో కార్మికుని పేరు ఒక్క మస్తరు పుస్తకంలోనే ఉండేది. నేడు అదే పేరు బ్యాంకులో, ప్రావిడెంట్ ఫండ్ కార్యాలయంలో, రేషన్ దుకాణంలో, సిమ్ కార్డులు అమ్మే బడ్డీలో, లేబర్ కాంట్రాక్టరు సొరుగులో ఉన్నది. దొంగ చేయి పెట్టగల చోట్లు పెరిగినవి.

ఒక సోదరి అనుభవం

మా అనుబంధ సంఘంలో సభ్యురాలైన ఒక భవన నిర్మాణ కార్మికురాలి సంగతి చెప్తాము. ఆమెది శ్రీకాకుళం జిల్లా. పని కోసం భర్తతో హైదరాబాదు వచ్చినది. కుమార్తె కాలేజీ ఫీజు కోసం ఊరి బ్యాంకులో కొద్దికొద్దిగా డబ్బు దాచినది. సంక్రాంతికి ఊరికి వెళ్లి పాసుపుస్తకంలో లెక్క వేయించగా, వరుసగా రెండు రోజులలో 10,000 రూపాయలు, 8,500 రూపాయలు ఖాతా నుంచి పోయినట్లు తేలినది. బ్యాంకులో అడిగితే, "వేలిముద్ర సరిపోయింది కాబట్టి నీవే తీసుకొని ఉంటావు" అన్నారు. ఆమె మా కార్యాలయానికి వచ్చి అడిగిన మాట మేము మరువలేము: "అన్నా, నా వేలు నా చేతికే ఉంది కదా! మరి ఆ డబ్బు ఎవరి వేలు తీసింది?"

డబ్బు తీసినట్లు ఆమె ఫోనుకు సందేశం ఎందుకు రాలేదని విచారించాము. ఖాతాకు జతచేసిన నంబరు ఊరిలో ఉన్నప్పటిది. నగరానికి వచ్చాక దానికి రీచార్జి చేయించలేదు. అది రద్దయి మరొకరికి వెళ్లినది. బ్యాంకు పంపిన సందేశాలన్నీ ఆ ముక్కూ మొహం తెలియని మనిషికి చేరినవి.

ఆ డబ్బు వేరొక జిల్లాలోని వేలిముద్ర యంత్రం మీద తీయబడినట్లు పట్టుబట్టి తెలుసుకొన్నాము. ఆ రెండు రోజులూ ఆమె హైదరాబాదులో పనిలో ఉన్నది. దానికి సాక్ష్యం పని స్థలంలోని మస్తరు. ఏళ్ల తరబడి సరియైన మస్తరు కోసం మన సంఘం చేసిన పోరాటం ఆ రోజు ఇలా అక్కరకు వచ్చినది. మస్తరు నకలు జతచేసి ఫిర్యాదు చేయగా, నాలుగు నెలల తరువాత డబ్బు తిరిగి వచ్చినది. అయితే అప్పటికి ఫీజు గడువు దాటిపోయినది. మేస్త్రి వద్ద వడ్డీకి తెచ్చిన అప్పును ఆమె ఇంకా తీర్చుతూనే ఉన్నది.

దొంగతనం ఏ దారిన వస్తున్నది

ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర, ఈ మూడూ ఉంటే బ్యాంకు మిత్ర దగ్గర ఆధార్ ద్వారా నగదు తీయవచ్చును. పిన్ నంబరు అక్కరలేదు, ఫోనుకు ఓ.టి.పి. రాదు. బ్యాంకు లేని పల్లెలలోని ముసలివారికి, కూలివారికి ఇది మేలు చేసిన ఏర్పాటే. కాని పిన్ నంబరు దొంగ చేతిలో పడితే మార్చుకొనవచ్చును, వేలిని మార్చుకొనలేము.

వేలిముద్రను ఎట్లా దొంగిలిస్తారని మీరు అడుగవచ్చును. 2018లో తెలంగాణలో పట్టుబడిన కేసు చూడండి. పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డుల వ్యాపారం చేసే ఒక వ్యక్తి, భూముల రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలను ప్రభుత్వ వెబ్‌సైటు నుంచే తీసుకొని, వాటితో పాలిమర్ ముద్రలు తయారుచేసి, వాటి సాయంతో వేల సిమ్ కార్డులను ఇతరుల పేర నడిపించినాడు. కంపెనీ విధించిన అమ్మకాల లక్ష్యాన్ని అందుకొనడానికి ఈ పని చేసినట్లు అప్పట్లో వెల్లడైనది. ఇక్కడ భూమి అమ్మిన రైతు చేసిన నిర్లక్ష్యం ఏమున్నది? వేలిముద్రను అడిగినది ప్రభుత్వం, దానిని బయట పెట్టినదీ ప్రభుత్వ కార్యాలయమే. ముద్ర ప్రాణమున్న వేలిదా, అచ్చు వేసినదా అని గుర్తించే పరీక్షను ఆధార్ సంస్థ 2023లో ప్రవేశపెట్టినది. రక్షణ కొంత పెరిగినది గాని, మన జాగ్రత్త అవసరం తీరలేదు.

రెండవ దారి, మనమే ఇచ్చిన జిరాక్స్ కాగితాలు. ముంబైలోని కాందివలి ప్రావిడెంట్ ఫండ్ కార్యాలయంలో కోట్ల రూపాయలు దారిమళ్లించారన్న ఆరోపణపై 2021లో సి.బి.ఐ. కేసు నమోదు చేసినది. వలస కార్మికుల పేర ఉన్న 817 బ్యాంకు ఖాతాలను అందుకు వాడుకొన్నట్లు బయటపడినది. ఇక దినకూలీకి కోట్ల రూపాయల వ్యాపారం ఉన్నదని పన్ను నోటీసులు వచ్చిన వార్తలను మనం పత్రికలలో పలుమార్లు చదివినాము. అతని పాన్ కార్డుతో ఎవరో ఒక బోగస్ సంస్థను నమోదు చేయించి ఉంటారు.

మూడవ దారి మన పని స్థలంలోనే ఉన్నది. కాంట్రాక్టు కార్మికుల ఏటీఎం కార్డులను, పిన్ నంబర్లను కాంట్రాక్టరు తన వద్దనే ఉంచుకొనడం ఎన్నోచోట్ల ఆనవాయితీ అయినది. కాగితం మీద పూర్తి వేతనం ఖాతాలో పడుతుంది. మరునాడు అందులో కొంత కాంట్రాక్టరు జేబులోకి పోతుంది. దీనిని గుర్తింపు చౌర్యం అని ఎవరూ పిలవడం లేదు. మేము అలాగే పిలుస్తాము.

ప్రతి సభ్యుడూ చేయవలసినవి

ఒకటి. బ్యాంకుకు, ఆధార్‌కు, ప్రావిడెంట్ ఫండ్‌కు జతచేసిన ఫోను నంబరు ఇప్పుడు మన చేతిలో ఉన్నదేనా అని ఈ వారమే చూసుకొనవలెను. రద్దయిన నంబరును కనీసం 90 రోజులు ఆగి మరొకరికి ఇవ్వవచ్చును. కనుక ఊరు మారినప్పుడు, పాత సిమ్ విడిచిపెట్టే ముందే బ్యాంకులో కొత్త నంబరు ఇవ్వాలి.

రెండు. ఆధార్‌లోని వేలిముద్రలకు తాళం వేసుకొనే సౌకర్యం ఉన్నది. ఆధార్ యాప్‌లో గాని, వెబ్‌సైటులో గాని ఈ పని చేసుకొనవచ్చును. వివరాలకు 1947 నంబరు. అయితే ఒక చిక్కు ఉన్నది. తాళం వేసినంతకాలం రేషన్ దుకాణంలో కూడా మన వేలిముద్ర పనిచేయదు. అవసరమైనప్పుడు తాళం తీసి, పని కాగానే మళ్లీ వేసుకొనవలెను. ఇది తెలిసిన కార్యకర్త ప్రతి శాఖలో ఒక్కరైనా ఉండాలి.

మూడు. మొదటి 8 అంకెలు కప్పి, చివరి 4 అంకెలు మాత్రమే కనిపించే ఆధార్ ప్రతి దొరుకుతుంది. వీలున్న ప్రతిచోటా దానినే ఇవ్వాలి. జిరాక్స్ ఇచ్చేటప్పుడు ఎవరికి, ఏ పనికి, ఏ తేదీన ఇస్తున్నామో దాని మీద అడ్డంగా రాసి సంతకం చేయాలి. వేలిముద్ర వేసేవారు ఆ మాటలను పక్కవారితో రాయించుకొనవలెను.

నాలుగు. మన పేర ఎన్ని సిమ్ కార్డులు ఉన్నవో టెలికాం శాఖవారి సంచార్ సాథీ వెబ్‌సైటులో తెలుసుకొనవచ్చును. మనవి కానివాటిని అక్కడే ఫిర్యాదు చేసి రద్దు చేయించవచ్చును. మన పేర ఎవరైనా అప్పు తీసుకొన్నారా అనేది రుణ సమాచార సంస్థల నివేదికలో తెలుస్తుంది. ప్రతి సంస్థ ఏడాదికి ఒకసారి దానిని ఉచితంగా ఇవ్వవలెను. ప్రావిడెంట్ ఫండ్ పాసుపుస్తకాన్ని సైతం మూడు నెలలకొకసారి చూసుకోవాలి.

ఐదు. ఓ.టి.పి.ని ఎవరికీ చెప్పకూడదు. మనకు డబ్బు రావడానికి పిన్ నంబరు కొట్టనక్కరలేదు. ఫోనులో అరెస్టు చేయడమనేది ఏ చట్టంలోనూ లేదు.

ఆరు. కొద్దిపాటి కమీషనుకు ఆశపడి బ్యాంకు ఖాతాను ఎవరికీ అద్దెకు ఇవ్వకూడదు. దొంగ సొమ్ము ఆ ఖాతాలో పడిన నాడు పోలీసులు ముందుగా వచ్చేది ఖాతాదారు ఇంటికే.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ఫోను చేసి మోసగించే గొంతు కూడా ఒక్కొక్కసారి మనవంటి పేదవాని బిడ్డదే. ఉద్యోగమని నమ్మించి ఆంధ్ర యువకులను కంబోడియాకు పంపి, అక్కడ నిర్బంధించి వారిచేత సైబర్ మోసాలు చేయించిన ముఠా సంగతిని 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టినారు. విదేశాలకు పనికి వెళ్లేవారు పాస్‌పోర్టును, దాని నకళ్లను ఏజెంట్ల చేతిలో వదలకూడదని చెప్పడం కూడా మన సంఘాల పనే.

పోయిన తరువాత ఏమి చేయాలి

డబ్బు పోయినదని తెలిసిన మరుక్షణం 1930 నంబరుకు ఫోను చేయవలెను. దొంగ సొమ్ము చేతులు మారకముందే ఆపడానికి గంటలే ముఖ్యం. ఆ వెంటనే బ్యాంకుకు లిఖితపూర్వకంగా తెలిపి, అందినట్లు రసీదు తీసుకోవాలి. ఇతరుల గుర్తింపును దొంగిలించి వాడుకొన్నవారికి సమాచార సాంకేతిక చట్టం 66సి సెక్షను కింద 3 సంవత్సరాల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నవి.

"నీ తప్పు కాదని నీవే నిరూపించుకో" అని బ్యాంకువారు అంటే తలవంచకండి. 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు వాణిజ్య బ్యాంకులకు ఇచ్చిన ఆదేశంలో రుజువు భారాన్ని బ్యాంకు మీదనే పెట్టినది. లోపం బ్యాంకుది గాక, ఖాతాదారుది గాక వ్యవస్థలో మరొకచోట ఉన్నప్పుడు, బ్యాంకు సమాచారం అందిన 3 పనిదినాలలో తెలిపితే ఖాతాదారుకు ఏ నష్టమూ ఉండరాదని చెప్పినది. 4 నుంచి 7 పనిదినాలలో తెలిపితే సాధారణ పొదుపు ఖాతాకు 10,000 రూపాయలు, జనధన్ వంటి ప్రాథమిక ఖాతాకు 5,000 రూపాయలు బాధ్యత మించరాదన్నది. తెలిపిన 10 పనిదినాలలో ఆ మొత్తాన్ని ఖాతాలో జమ చూపాలని, 90 రోజులలో ఫిర్యాదును పరిష్కరించాలని నిర్దేశించినది. గడువు లెక్క సమాచారం అందిన మరుసటి పనిదినం నుంచి మొదలవుతుందని గమనించండి. 30 రోజులలో బ్యాంకు జవాబు ఇవ్వకపోతే అంబుడ్స్‌మన్ వద్దకు వెళ్లవచ్చును. ఈ నిబంధనల తాజా ప్రతిని శాఖలో అడిగి తీసుకొని, సంఘం నోటీసు బోర్డు మీద అంటించండి.

ఒంటరిగా కాదు, సంఘంగా

జాగ్రత్త పడవలసిన భారమంతా కార్మికుని నెత్తిన పెట్టి చేతులు దులుపుకొనడాన్ని మేము అంగీకరించము. కాగితాలు అడిగినవారే వాటికి జవాబుదారీ కావాలి. గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీం కోర్టు 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పినది. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో పార్లమెంటు చట్టం చేసినది. సమాచారాన్ని కాపాడలేని సంస్థలకు ఆ చట్టంలో 250 కోట్ల రూపాయల వరకు జరిమానా ఉన్నది. వినడానికి గొప్పగానే ఉన్నది. కాని ఆ జరిమానా ప్రభుత్వ ఖజానాకు చేరుతుంది. నష్టపోయిన మనిషికి అందులో దక్కేది ఏమీ లేదు. ఫీజు గడువు దాటిపోయిన ఆ తల్లికి ఈ చట్టం ఏమి ఇచ్చినట్లు?

అందుచేత ఇకమీదట ప్రతి వేతన ఒప్పందంలోనూ, ప్రతి కోరికల పత్రంలోనూ ఈ నాలుగు అంశాలు చేర్చవలసినదని మా సూచన. యాజమాన్యం ఏ కాగితాలు ఎందుకు తీసుకొంటున్నదో రాతపూర్వకంగా తెలపాలి. వాటిని తాళంలో ఉంచి, కార్మికుడు పని మానిన తరువాత చట్టం ఉంచమన్నవి తప్ప మిగిలినవి వాపసు చేయాలి. ఏటీఎం కార్డు, పాసుపుస్తకం, పాస్‌పోర్టు కాంట్రాక్టరు వద్ద ఉంచుకొనడాన్ని శిక్షించదగిన తప్పుగా ఒప్పుకోవాలి. యాజమాన్యం వద్ద నుంచి సమాచారం పొక్కి కార్మికుడు నష్టపోతే, ఆ నష్టాన్ని యాజమాన్యమే భరించాలి.

సోదరులారా! మీరు మీ శాఖలకు తిరిగి వెళ్లిన తరువాత మొట్టమొదట ఒక పని చేయండి. నెలకు ఒక ఆదివారం సంఘం కార్యాలయంలో బల్ల వేసుకొని కూర్చోండి. సభ్యుల పాసుపుస్తకాలు చూడండి, ఫోను నంబర్లు సరిచూడండి, కాంట్రాక్టరు సొరుగులో ఎవరెవరి కార్డులు ఉన్నవో అడిగి రాసుకోండి. ఆ జాబితా పట్టుకొని అందరూ కలసి కాంట్రాక్టరు గది ముందుకు వెళ్లండి. ఒక్కడు వెళ్లి అడిగితే పని పోవచ్చును. వంద మంది వెళ్లి అడిగితే సొరుగు తెరవక తప్పదు.

సెలవు.