"తిన్నావా?" అని మనవాళ్లు ఎందుకు అడుగుతారు? ఆకలి గురించి మూడు నిజాలు

ముందు ఒక మాట చెప్పండి, తిన్నారా? తినకపోతే వీడియో పాజ్ చేసి తినేసి రండి. జోక్ కాదు, సీరియస్‌గానే అంటున్నా. ఎందుకో చివర్లో చెప్తా.

ఫస్ట్ ఫ్యాక్ట్. 1944 నవంబర్‌లో అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీలో ఆన్సెల్ కీస్ అనే సైంటిస్ట్ ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. యుద్ధంలో తిండి లేక చిక్కిపోయిన జనాన్ని మళ్లీ మామూలు మనుషుల్ని చేయాలంటే ఎలా? ఇదీ ప్రశ్న. 36 మంది ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లు వాళ్లంతట వాళ్లే ముందుకొచ్చారు. 24 వారాలు వాళ్లకి సగం కడుపే తిండి. బరువు తగ్గడం అందరూ ఊహించిందే. కానీ మనుషులే మారిపోయారు. ఊరికే చిరాకు, దిగులు. చదువు మీద, స్నేహితుల మీద, అమ్మాయిల మీద కూడా ఇంట్రస్ట్ పోయింది. కొందరైతే వంటల పుస్తకాలు ముందేసుకుని గంటలు గంటలు చదివేవారు. అంటే ఆకలి ముందు పొట్టని, తర్వాత మన స్వభావాన్ని తినేస్తుందన్నమాట.

సెకండ్ ఫ్యాక్ట్. దీనికి పూర్తిగా రివర్స్. 1941లో జర్మన్ సైన్యం రష్యాలోని లెనిన్‌గ్రాడ్‌ని చుట్టుముట్టింది. ముట్టడి 872 రోజులు సాగింది. ఒక దశలో చాలామందికి రోజుకి 125 గ్రాముల రొట్టె, అంతే. ఆ ఊళ్లోనే ప్రపంచమంతా తిరిగి సేకరించిన విత్తనాల భాండాగారం ఉంది. వడ్లు, గోధుమలు, బఠాణీలు, దుంపలు... అన్నీ తినగలిగేవే. కాపలా కాసిన సైంటిస్టుల్లో పలువురు ఆకలితో చనిపోయారు. వరి విత్తనాలు చూసుకునే ఇవనోవ్ అనే ఆయన, చుట్టూ బియ్యం పొట్లాలు ఉండగానే ప్రాణం వదిలాడు. అవి రేపటి పంట కోసం అని ముట్టుకోలేదు. ఇంకా బాధ కలిగించే విషయం ఏంటంటే, ఆ విత్తనాల సేకరణని నడిపించిన వావిలోవ్‌ని స్టాలిన్ ప్రభుత్వం 1940లో అరెస్ట్ చేసింది. 1943లో ఆయన కూడా జైల్లో తిండి లేక చిక్కి చనిపోయాడు.

మూడోది మన దగ్గరిదే. 1832-33, నందన నామ సంవత్సరం. గుంటూరు ప్రాంతంలో ఘోరమైన కరువు. సుమారు 5 లక్షల జనాభాలో లక్షన్నర నుంచి 2 లక్షల మంది పోయారని అంచనా. పక్కనే కృష్ణ ఉంది, వానాకాలం వస్తే నీళ్లన్నీ సముద్రంలోకి పోతున్నాయి. బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది ఎప్పుడో తెలుసా? 1855లో. కరువొచ్చిన 22 ఏళ్ల తర్వాత! ఇవాళ ఆ డెల్టాలో పచ్చని పొలాలు చూసి "భలే ఉంది" అని రీల్ తీసుకుంటాం. ఆ పచ్చదనం ఎంత ఆలస్యంగా వచ్చిందో మనకి ఎవరూ చెప్పరు.

ఇప్పుడు నా సంగతి. జాబ్ మానేసిన కొత్తలో ఒకరోజు పొద్దున్నుంచి ఏమీ తినకుండా ఎడిటింగ్‌లో కూర్చున్నా. సాయంత్రం నాలుగింటికి అమ్మ ఫోన్ చేసి "తిన్నావా నాన్నా?" అంది. "ఎప్పుడూ అదే ప్రశ్నా? వేరే మాటే లేదా?" అని అరిచి కట్ చేశా. తర్వాత రెండు ముద్దలు పెరుగన్నం తిన్నాక గానీ నేనేం అన్నానో నాకు అర్థం కాలేదు. ఫోన్ చేసి సారీ చెప్తే అమ్మ ఏమందో తెలుసా? "సర్లే, ఏం కూర?" అంది.

అందుకే ఒక చిన్న సలహా. రిజైన్ మెయిల్ పంపాలన్నా, బ్రేకప్ మెసేజ్ కొట్టాలన్నా, ఇంట్లోవాళ్ల మీద అరవాలన్నా, ముందు ఏదైనా తినండి. తిన్నాక కూడా కోపం ఉంటే అప్పుడు చూసుకుందాం. రూమ్‌మేట్ ఊరికే విసుక్కుంటుంటే వాదన పెట్టుకోకండి, "తిన్నావా?" అని అడగండి. జేబులో డబ్బుల్లేక రాత్రి పూట తినడం మానేసినవాడు ఆ మాట తనంతట తాను చెప్పడు.

సరే ఫ్రెండ్స్, అమ్మకి ఒకసారి ఫోన్ చేయండి. ఈసారి ఆ ప్రశ్న మీరే ముందు అడగండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై.