మారని బొమ్మ, నడిచే కథ

(అమలాపురంలో చేసిన బాపు స్మారకోపన్యాసం)



బాపు గారి పేరు మీద జరిగే సభలో బొమ్మల గురించి మాట్లాడే అవకాశం దక్కడం నాకు గౌరవం. ఆయన 1933లో వశిష్ఠ గోదావరి అవతలి ఒడ్డున నరసాపురంలో పుట్టారు. 1967లో వచ్చిన తొలి సినిమా ‘సాక్షి’ని మన ఆత్రేయపురం దగ్గరి పులిదిండిలో తీశారు. నటులు కెమెరా ముందుకు రాకముందే షాటు షాటునీ కాగితం మీద గీసుకునే దర్శకుడాయన. ముళ్లపూడి వెంకటరమణ గారు రాసిన బుడుగుకి రూపం ఇచ్చింది కూడా ఆయన గీతే. ఆ బుడుగు 1950లలో ఎంత ఉన్నాడో ఈరోజూ అంతే ఉన్నాడు. వాడి అల్లరి చదివి నవ్విన పిల్లలు తాతలయ్యారు, వాడికి మాత్రం ఒక్క ఏడూ పెరగలేదు. గీసిన బొమ్మకున్న గొప్ప బలం ఇది. ఈ బలం చుట్టూనే నా ప్రసంగం.

ఏళ్ల తరబడి టీవీలో నవ్వించిన బొమ్మల హాస్యం పూర్తి నిడివి సినిమాగా మారినప్పుడు ఏం జరుగుతుంది? ఏది నిలుస్తుంది, ఏది జారిపోతుంది? నాకు అర్థమైన జవాబు ముందే చెప్పేస్తాను. నవ్వించే పాత్రను మార్చకూడదు, దాని చుట్టూ ఉన్న లోకాన్ని కదిలించాలి. ఈ సంగతి మన తోలుబొమ్మలాట వాళ్లకు టీవీ పుట్టకముందే తెలుసు.

తెల్లటి తెర, వెనక దీపం. మేకతోలును పలచగా గీకి, రంగులద్ది, చేతులూ కాళ్లూ కీళ్ల దగ్గర కదిలేలా కట్టిన బొమ్మలు. పొద్దుపోయాక మొదలైన రామాయణం తెల్లారేదాకా సాగుతుంది. రాముడు అడవికి వెళతాడు, సీతను పోగొట్టుకుంటాడు, లంక గెలిచి తిరిగి వస్తాడు. వెళ్లినవాడూ వచ్చినవాడూ ఒకడు కాదు. మధ్యమధ్యలో కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు తెర మీదికి దూసుకొస్తారు. వాళ్లు వాల్మీకి రామాయణంలో లేరు. కొట్టుకుంటారు, తిట్టుకుంటారు, ఆ ఊరి సంగతులు ఎత్తి ఆటపట్టిస్తారు. రాత్రి మొదట్లో కేతిగాడు ఎలా ఉన్నాడో తెల్లవారుజామునా అలాగే ఉంటాడు. రేపు మరో ఊళ్లో భారతం ఆడినా వాడు వాడే. కదిలే పెద్దకథనూ, కదలని నవ్వునూ ఒకే తెర మీద నిలబెట్టారు మన కళాకారులు. కాకినాడ పక్కన మాధవపట్నం కుటుంబాలు ఈ విద్యను మన కాలం దాకా మోసుకొచ్చాయి. వారికి ఈ సభ తరఫున నమస్కరిస్తున్నాను.

టీవీ హాస్యం కేతిగాడి దారిలోనే నడిచింది. పదకొండు నిమిషాల్లోనో ఇరవైరెండు నిమిషాల్లోనో ఒక గొడవ పుడుతుంది, ముదురుతుంది, తేలిపోతుంది. చివరికి అందరూ ఎక్కడివాళ్లు అక్కడే. దీనికి కారణం ఉంది. ఛానెల్ ఆ భాగాలను ఏ వరసలోనైనా, ఎన్నిసార్లయినా వేస్తుంది. బడి నుంచి వచ్చిన పిల్లవాడు ఏ రోజు ఏది చూసినా అర్థం కావాలి. అందుకే అమెరికాలో 1989 డిసెంబరులో మొదలైన ‘ది సింప్సన్స్’లో పదేళ్ల బార్ట్ ఈనాటికీ పదేళ్లవాడే. జపాన్ టీవీలో 1979 నుంచి నడుస్తున్న ‘డోరేమాన్’లో నోబిత ఇంకా చిన్నబడిలోనే ఉన్నాడు. మన పిల్లలకు ఆ నోబిత పక్కింటి కుర్రాడంత పరిచయం.

సినిమాకు వేరే నియమం ఉంది. టికెట్టు కొని, కుటుంబంతో వచ్చి, చీకటి హాల్లో గంటన్నర కూర్చున్నవాడికి ఒక ప్రయాణం కావాలి, ఒక పెద్ద ఆపద కావాలి, ఒక ముగింపు కావాలి. డోరేమాన్ వాళ్లు 1980లో తొలి సినిమాకే దీనికి దారి కనిపెట్టారు. పిల్లల్ని ఇంటి నుంచి కదిల్చి డైనోసార్ల కాలానికి పంపారు. సినిమా అయ్యేసరికి అందరూ ఇల్లు చేరారు. టీవీ కథకు ఏ చిక్కూ రాలేదు. అప్పటి నుంచి దాదాపు ఏటా ఒక కొత్త లోకం, ఒక కొత్త సినిమా. సింప్సన్స్ వాళ్లు 2007 దాకా ఆగారు. కథను వందకు పైగా సార్లు తిరగరాసి, ఆ కుటుంబం ఉండే ఊరి మీదే పెద్ద గాజు గోపురం బోర్లించారు. 2022లో వచ్చిన ‘ది బాబ్స్ బర్గర్స్ మూవీ’లో హోటలు గుమ్మం ముందే నేల కుంగి గొయ్యి పడుతుంది. మూడు చోట్లా మనుషులు పాతవాళ్లే, వాళ్ల కాళ్ల కింది నేల కదిలింది.

ఇక మన హైదరాబాదు సంగతి. ఇంజనీరింగ్ చదివి, శాన్‌ఫ్రాన్సిస్కోలో యానిమేషన్ నేర్చుకుని వచ్చిన రాజీవ్ చిలక 2001లో గ్రీన్ గోల్డ్ సంస్థను పెట్టారు. అప్పటికి ఇక్కడి స్టూడియోలకు విదేశీ కథలకు కూలికి గీయడమే ప్రధానమైన పని. సొంత పాత్రను పుట్టించి దాన్ని ఏళ్ల తరబడి నిలబెట్టవచ్చని నమ్మడానికి ధైర్యం కావాలి. 2008లో పోగో ఛానెల్లో ‘ఛోటా భీమ్’ మొదలైంది. ఢోలక్‌పూర్ అనే రాజ్యం, ధోతీ కట్టిన తొమ్మిదేళ్ల భీమ్, చుట్కీ, రాజు, కోతి జగ్గు, లడ్డూలు చేసే టున్‌టున్ మౌసీ. నవ్వంతా పుట్టేది మాత్రం కాలియా, ఢోలు, భోలు దగ్గర. కాలియా ప్రతిసారీ ఎత్తు వేస్తాడు, ప్రతిసారీ బోల్తా పడతాడు, మర్నాడు మళ్లీ కొత్త ఎత్తుతో దిగుతాడు. మన కేతిగాడికి వాడు వారసుడు.

2012 మేలో ‘ఛోటా భీమ్ అండ్ ద కర్స్ ఆఫ్ దమ్యాన్’ థియేటర్లకు వచ్చింది. దమ్యాన్ అనే దుష్టుణ్ణి అడ్డుకోవడానికి పిల్లలు వెయ్యేళ్లు వెనక్కి వెళ్లే కథ అది. 2013లో బాలి ద్వీపం, 2016లో హిమాలయం, 2019లో చైనా. ప్రతి సినిమా పిల్లల్ని ఢోలక్‌పూర్ దాటించింది. భీమ్ భీమ్‌గానే ఉన్నాడు, కాలియా కాలియాగానే ఉన్నాడు.

2024 మేలో అదే దమ్యాన్ కథను రాజీవ్ చిలకే నిజమైన బాలనటులతో, అనుపమ్ ఖేర్ వంటి పెద్దలతో మళ్లీ తీశారు. ఆ సాహసాన్ని గౌరవిస్తూనే ఒక మాట చెప్పాలి. గీసిన కాలియా గోడకు గుద్దుకుంటే నవ్వొస్తుంది. నిజం పిల్లవాడు గుద్దుకుంటే దెబ్బ తగిలిందేమోనని మనసు కంగారు పడుతుంది. పైగా నటించే పిల్లవాడు ఎదుగుతాడు. బొమ్మకు ఆ రెండు ఇబ్బందులూ లేవు. బొమ్మల హాస్యం బొమ్మగానే వెండితెర ఎక్కాలని నేను నమ్మడానికి కారణం ఇదే.

ఈ విషయంలో తెలుగువాళ్లకు మరో అనుభవం ఉంది. అది బొమ్మల కథ కాదు, అయినా పాఠం మనకు కావలసినదే. గుణ్ణం గంగరాజు ‘అమృతం’ 2001 నుంచి 2007 దాకా జెమినీ టీవీలో మూడు వందలకు పైగా భాగాలు నడిచింది. అమృతరావు, ఆంజనేయులు, ఇంటి ఓనరు అప్పాజీ, సర్వం. ఆదివారం రాత్రి వీళ్లు మన ఇంట్లో మనుషులు. శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్ ఒకరి తర్వాత ఒకరు అమృతరావు అయ్యారు. అయినా జనం ఆ పాత్రను వదల్లేదు. 2014లో గంగరాజే ‘చందమామలో అమృతం’ తీశారు. అమృతాన్ని, ఆంజనేయుల్ని ఏకంగా చంద్రమండలానికి పంపారు. లోకాన్ని కదిలించాలనే సూత్రం ఆయన సరిగ్గానే పట్టుకున్నారు. కానీ అమృతరావు మారుతున్నా తాను మారకుండా ఆంజనేయులుగా మన కళ్లలో నిలిచిపోయిన గుండు హనుమంతరావు ఆ సినిమాలో ఆ పాత్ర వేయలేదు. సీరియల్‌కు దక్కిన ప్రేమ సినిమాకు దక్కలేదు. ఏళ్ల తరబడి చూసిన ముఖం పక్కకు తప్పుకుంటే కథ ఎంత ఎత్తుకు ఎగిరినా ప్రేక్షకుడి కాలు నిలవదు. బుడుగు ముఖం ఎవరూ మార్చలేరు. గీసిన పాత్ర విలువ అక్కడ తెలుస్తుంది.

మిత్రులారా, యానిమేషన్ చిన్నపిల్లల కాలక్షేపం అనే మాటకు ఇక కాలం చెల్లింది. తెలుగులో తీసిన ‘కిట్టు’ 2006 సంవత్సరానికి జాతీయ ఉత్తమ యానిమేషన్ చిత్రమైంది. 2025 జూలైలో వచ్చిన ‘మహావతార్ నరసింహ’కు తెలుగునాట ముసలీముతకా కూడా బారులు తీరారు. అంతర్వేది నరసింహస్వామి సీమలో దాని ఆదరణ గురించి నేను చెప్పనక్కర్లేదు. గీసే చేయి మనకుంది, చూసే జనం ఉన్నారు. లేనిదల్లా ఏళ్ల తరబడి మన తెలుగులో పుట్టి పెరిగే ఒక హాస్య పాత్ర.

మన పిల్లలు చూసే హాస్యంలో ఎక్కువ భాగం అనువాదంగా వస్తోంది. యానిమేషన్లో సాధారణంగా ముందు గొంతు రికార్డు చేసి, ఆ పలుకుకు తగ్గట్టు పెదవులు గీస్తారు. అనువాదంలో ఇది తలకిందులవుతుంది. వేరే భాష కోసం కదిలిన పెదవుల్లో మన మాటను కుదించి ఇరికించాలి. గోదావరి జిల్లా వాడి సాగదీత, మధ్యలో ఆగి విసిరే చురక, మర్యాదగా ‘అండీ’ అంటూనే పెట్టే వాత, వీటికి అక్కడ చోటు దొరకదు. హాస్యానికి ప్రాణం ఆ విరుపులోనే ఉంది. అందుకే పాత్ర పుట్టుక నుంచే తెలుగులో ఉండాలని పట్టుబడుతున్నాను.

కోనసీమలో అలాంటి పాత్రకు కావలసిన లోకం సిద్ధంగా ఉంది. గోదావరి లంకలో ఒక ఇల్లు, రేవులో పడవ, కొబ్బరితోటలో తగువులు, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం, ఆత్రేయపురం పూతరేకుల పొయ్యి దగ్గర పిల్లల కాపలా. పదకొండు నిమిషాల కథలు ఎన్నయినా పుడతాయి. ఆ పిల్లవాడు జనానికి అలవాటయ్యాక సినిమాకు కావలసిన పెద్ద కదలికను గోదావరే ఇస్తుంది. 1986 ఆగస్టు వరద చూసినవాళ్లు ఈ సభలో ఉన్నారు. లంక మునిగి, పశువులతో సహా ఊరు గట్టెక్కే రాత్రి ఆ పిల్లవాడు తన అల్లరితో, తన భయంతో, తన నోటి దురుసుతో ఎలా నెగ్గుకొస్తాడు? ఏటి ఒడ్డు మారిపోతుంది, ఇళ్లు మారతాయి, పెద్దవాళ్లు మారతారు. వాడు మారడు. వరద తీశాక మర్నాటి టీవీ కథ వాడితోనే మొదలవుతుంది.

ముందు వరసలో ఉన్న విద్యార్థులకు నా విన్నపం ఇది. సినిమాతో మొదలుపెట్టకండి. ఒక పాత్రను పట్టుకోండి. దానికి మీ ఇంట్లో మాట్లాడే తెలుగు ఇవ్వండి. మంచి గొంతు వెతికి రికార్డు చేసి, ఆ తర్వాత గీయండి. ఒక కథ నవ్వించకపోతే రెండోది రాయండి. ఏళ్లు పడుతుంది, పట్టనివ్వండి. ఆ పాత్రను జనం తమ ఇంటివాడిగా ఒప్పుకున్ననాడు దానికి వెండితెర దక్కుతుంది. బాపు గారికి మన తరం చెల్లించాల్సిన బాకీ అలాంటి ఒక పాత్రే అని నా నమ్మకం.